రాక్షసుడి తలకి గుర్తులు

రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టక మానదు. కొందరు మొక్కలు పెంచుతారు, కొందరు పక్కింటి గొడవల్లో తలదూరుస్తారు. గుర్తుల సారు మాత్రం జానపద సినిమాల్లో వాడిన సామాన్లు పోగేయడం మొదలుపెట్టాడు. మాంత్రికుడి గడ్డం, అట్టకత్తులు, ఎగిరే గుర్రంలో వెనక సగం. ముందు సగం ఏదని అడక్కండి, ఆయనింకా వెతుకుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ గుర్రం తోకకి గొడుగులు తగిలించి కూర్చునేవారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఉన్నది బస్సుల్లో జనం మరిచిపోయిన సామాన్ల కౌంటర్లో. ఎవరొచ్చి ఏది నాదన్నా "గుర్తులు చెప్పండి" అనేవాడు. చెబితే ఇచ్చేవాడు, తడబడితే దేవుడు దిగొచ్చినా ఇచ్చేవాడు కాదు. సొంత బావమరిది చెప్పులు పోగొట్టుకుని వస్తే, మడమ అరిగింది కుడిదో ఎడమదో చెప్పలేకపోయాడని ఉత్తికాళ్ళతో పంపించిన ఘనుడు. ఆ బావమరిది ఇప్పటికీ ఆ గడప తొక్కడు.

పోగేసిన వాటన్నిటిలోనూ ఆయన ప్రాణం రాక్షసుడి తలకాయ. మూతపడిన ఓ స్టూడియో గోడౌన్‌లో దొరికింది. కాగితం గుజ్జుతో చేసిన తల, నాలుగు కోరలు, ఆకుపచ్చ కొమ్ములు. దాన్ని మంచం పక్కన స్టూలు మీద పెట్టుకున్నాడు. పొద్దున్నే లేచి దాని ముఖం తుడిచాకే తన ముఖం కడుక్కునేవాడు. ఊరందరి సామాన్లకీ కాపలా కాసీ కాసీ, ఇది నాది అని మురిసిపోవడానికి ఆ మనిషికి అదొక్కటే దొరికింది మరి. భార్యకి మాత్రం అది కంట్లో నలుసు.

"ఇటు తిరిగితే మీరు, అటు తిరిగితే అది. నేనెటు తిరిగి పడుకోవాలి?" అనేదావిడ.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరో బక్కాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ దగ్గర రాక్షసుడి తల ఉందటగా. అది నాదండీ. ఆ సినిమాలో రాక్షసుణ్ణి నేనే" అన్నాడు.

సారు చెయ్యి తలుపు మూయబోయింది. నోరు మాత్రం అలవాటు కొద్దీ తన పని తాను చేసుకుపోయింది.

"గుర్తులు చెప్పండి. కోరలెన్ని?"

"రెండనుకుంటా."

"కొమ్ముల రంగు?"

"నలుపు. కాదేమో." బక్కాయన బుర్ర గోక్కున్నాడు. "నేనెప్పుడూ లోపలే ఉండేవాణ్ణండీ. లోపలి సంగతి అడగండి, చెప్తాను. కళ్ళలోంచి ఏమీ కనపడదు. నోట్లోంచి చూస్తే ఎదుటివాళ్ళ పాదాలు కనపడతాయి. ఎడమ చెవి దగ్గర మేకొకటి గుచ్చుకుంటుంది."

"గుర్తులంటే పైకి కనపడేవండీ. సరిపోలేదు, వెళ్ళిరండి" అన్నాడు సారు.

బక్కాయన మెట్లు దిగిపోయాడు. సారు తలుపేసి లోపల్లోపల చంకలు గుద్దుకున్నాడు. రూలు ప్రకారం తల తనదే.

"ఇంతకీ లోపల మేకుందా?" అంది భార్య.

"ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?"

"చూస్తే పోలా" అంటూ ఆవిడ రెండు చేతులా తలనెత్తి ఆయన నెత్తిన బోర్లించింది. ఆవిడ అన్నంత పనీ చేసే రకం.

సారుకి లోకం చీకటైపోయింది. ఎడమ చెవి దగ్గర చురుక్కుమంది. కోరల సందులోంచి భార్య పాదాలు తప్ప మరేమీ కనపడలేదు. ఆయనకి చచ్చేంత సిగ్గేసింది. నిజంగా పోగొట్టుకున్నవాణ్ణి ఉత్తిచేతులతో పంపేశాడు, పైగా సంతోషపడ్డాడు కూడా.

తీయబోతే తల రాలేదు. భార్య లాగింది, మెడ ఊడొచ్చేట్టుంది గానీ తల కదల్లేదు. ఈలోగా బక్కాయన బస్సెక్కేస్తే ఇంకేముంది? సారు అలాగే వీధిలోకి పరిగెత్తాడు.

ఆయనకిప్పుడు వీధంటే పాదాలే. "ఒక బక్కాయన ఇటు వెళ్ళాడా అండీ?" అని మర్యాదగానే అడిగాడు పాపం. ఆ బోలు తలలోంచి అది గర్జనై వచ్చింది. ఆగి ఉన్న కూరగాయల బండి గబగబా పక్క సందులోకి తిరిగిపోయింది. బస్టాపులో క్యూ చెల్లాచెదురైంది. ఎటు వెళ్ళినా పాదాలన్నీ వెనక్కి జరిగిపోతున్నాయి. ఒక్క జత పాత చెప్పులు మాత్రం నింపాదిగా ఎదురొచ్చాయి.

"కదలకండి. గడ్డం కింద నొక్కి కుడికి తిప్పాలి" అన్నాడు బక్కాయన. అలా తిప్పగానే తల ఊడొచ్చింది.

సారు చెమట తుడుచుకున్నాడు. "గుర్తులు సరిపోయాయండీ. అడగడం నాకే చేతకాలేదు. తీసుకెళ్ళండి."

బక్కాయన తలని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కోరలు నాలుగా? పచ్చ కొమ్ములా? బాగానే ఉన్నానే" అన్నాడు. ఆ తర్వాత దాన్ని తిరిగి సారు చేతుల్లో పెట్టబోయాడు. "మాది ఒక్క గదండీ, నేనేం చేసుకుంటాను. ఓసారి చూసుకుని పోదామనే వచ్చాను. మీ దగ్గరే ఉండనివ్వండి."

సారు చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"కుదరదండీ. సొంతదారు తేలాక వస్తువు కౌంటర్లో ఉండకూడదు."

"ఇక్కడ కౌంటరెక్కడుందండీ?"

సారు చుట్టూ చూశాడు. నిజమే, లేదు. "అయినా కుదరదు" అన్నాడు.

బస్సొచ్చింది. ఆ తల సామానో ప్రయాణికుడో తేల్చుకోలేక కండక్టరు చివరికి సగం టికెట్ కొట్టాడు. కిటికీ పక్కన బక్కాయన ఒళ్ళో కూర్చుని రాక్షసుడు మలుపు తిరిగిపోయాడు.

సారు ఉద్యోగం చేసే రోజుల్లో, వస్తువు దొరకలేదని చెప్పినా కొందరు కౌంటర్ ముందునుంచి కదిలేవాళ్ళు కాదు. ఇంకా ఏం చూస్తున్నారు, వెళ్ళండి అని సారు కసురుకునేవాడు. వాళ్ళు ఏం చూస్తున్నారో ఆయనకి అప్పట్లో అర్థమయ్యేది కాదు.

భార్య ఆయాసపడుతూ వచ్చింది. "పదండి ఇంటికి. బస్సు వెళ్ళిపోయిందిగా."

"నువ్వు పద. నేను కాసేపు ఇక్కడే ఉంటాను."

ఇంకో బస్సు వచ్చింది, వెళ్ళింది. ఆవిడ కూడా ఆయన పక్కనే నిలబడింది.