తడిచీర

జెర్సీ సిటీలో అది మా మొదటి చలికాలం. బస్సులో నా పక్కన కూర్చున్న తెలుగావిడ చీర మీద మగవాళ్ళ కోటు తొడుక్కుంది. ఒళ్ళో తడిబట్టల సంచి. లాండ్రీ నుంచి వస్తోందట.

"అక్కడే ఆరబెట్టుకోలేదేమండీ?" అన్నాను.

"డ్రయ్యర్‌కి డబ్బులు దండగమ్మా. ఇంట్లో హీటర్ పక్కన తాడు కట్టి చీర ఆరేస్తాను." రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "ఆ చీర కింద కూర్చుని కళ్ళు మూసుకో. కాలవ గట్టున ఉన్నట్టే ఉంటుంది."

బయట మంచు నెమ్మదిగా రాలుతోంది. ఆవిడ దిగిపోయాక సీటు మీద కాస్త తడి మిగిలింది.

ఇప్పుడు మా ఇంట్లోనే డ్రయ్యరుంది. అయినా మంచు కురిసే రోజు ఒక చీర హాల్లో ఆరేస్తాను. దాని కింద నేను కళ్ళు మూసుకుంటే, మావారు టీవీ కట్టేసి, వచ్చి పక్కన కూర్చుంటారు.