మోడాలు తాగిన చేపలు

సముద్రం పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పాపం, అది నన్నేమీ చేయలేదు. చేసిందంతా నా నోరే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు వరసగా ఎగ్గొట్టిన రోజులు. మాది బెళుగుప్ప దగ్గర పల్లె. బడి సెలవుల చివర్లో భార్యనూ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని, నెల్లూరు వైపు సముద్రపు ఒడ్డున ఉన్న మా తోడల్లుడి ఇంటికి నాలుగు రోజులకని వెళ్లాను. ఆయన నా భార్య అక్క మొగుడు. పుట్టింది మా పక్క పల్లెలోనే. రొయ్యల చెరువుల దగ్గర ఉద్యోగం దొరికి పదేళ్లయిందో లేదో, యాస మార్చేసి, మమ్మల్ని ‘మీ కరువు సీమ వాళ్లు’ అనడం మొదలుపెట్టాడు. మీ అట! పదేళ్లలో మనిషికి చర్మం ఊడి కొత్తది వస్తుందేమో నాకు తెలియదు.

మొదటి రోజు మధ్యాహ్నం వదిన మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. వాసనకే నాకు నోరూరింది. మా ఎనిమిదేళ్ల కూతురు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. అక్కను చూసి ఆరేళ్ల కొడుకూ అంతే.

“ముళ్లు తీసి పెడతా, తినమ్మా,” అంది వదిన.

“వద్దు పెద్దమ్మా.”

“ఏంటికి వద్దు?” అన్నాను.

“చేప కప్పకు సుట్టం గదా నాయనా. దాన్ని తింటే వాన రాదు.”

మేం బయలుదేరే ముందు వారమే ఊళ్లో పిల్లలు కప్పతల్లి ఆడారు. రోకలికి వేపాకు చుట్టి, గుడ్డలో కప్పను కట్టి, ఇంటింటికీ మోశారు. రోకలి ముందు కొస నా కూతురి భుజం మీదే ఉంది. రెండు మైళ్లు నడిచి బిందె నీళ్లు తెచ్చుకునే ఆడవాళ్లు, కిక్కురుమనకుండా ఆ కప్ప మీద తలా ఒక చెంబు పోశారు. కప్ప చల్లబడితే వాన వస్తుంది. నీళ్లలో బతికేదాన్ని చల్లగా చూడాలని ఆ పిల్లకు మేమే నేర్పి, వారం తిరక్కుండా నీళ్లలో బతికేదాన్నే పళ్లెంలో పెట్టాం.

తోడల్లుడు పగలబడి నవ్వాడు. “చూశావా తమ్ముడూ? నీళ్ల మొహమే ఎరగని పిల్లలకు చేప రుచేం తెలుస్తుంది? ఆ పిల్లకు ఇంత పచ్చడి మెతుకులు పడేయండి.”

నా కూతురు తల వంచుకుంది. నాకు నెత్తురు మరిగింది. ‘నువ్వూ ఆ రోకలి మోసినోడివే కదన్నా’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఈ మనిషి ఎదుటే నా పిల్లలు చేప తినాలి, మారు అడగాలి, ఇదొక్కటే నా తలకెక్కింది. దాహం వేస్తే మా ఊరి కాకులు కర్ణాటక బస్సు ఎక్కిపోతాయని ఊరందరినీ నమ్మించిన నోరు నాది.

“లేదమ్మా, చేపకూ కప్పకూ పడదు. కప్ప వానను పిలుస్తాది. ఈడ మోడం లేచి మనూరికే బయల్దేరతాది. ఈ చేపలుండాయే, ఎగిరెగిరి దాన్ని తాగేస్తాండాయి. అందుకే నల్లంగా వచ్చి ఉత్త మోడం పోతాంటాది. నువ్వే సూసినావు గదా?”

చూసింది. నల్లగా వచ్చి చుక్క రాల్చకుండా పోయే మబ్బును ఎన్నోసార్లు చూసింది.

“ఇదేనా తాగింది?”

“ఇదే. కడుపు సూడు, ఎట్లుండాదో.”

పిల్ల పళ్లు బిగించి ఒక ముక్క కొరికింది. కొడుకు పళ్లెం ముందుకు తోశాడు. “నాకు రెండెయ్యి పెద్దమ్మా. దొంగది!”

ఆ నాలుగు రోజులూ చేపల్ని, పీతల్ని, రొయ్యల్ని పగబట్టి తిన్నారు. “ఈ రొయ్య ఎంత తాగింటాది నాయనా?” “ఇది సన్నది, తుంపరే తాగింటాది.” “ఇట్ల తిట్టుకుంటా తినే పిల్లోళ్లను నేను యాడా సూడలేదప్పా,” అంది వదిన. తోడల్లుడి ముందు నేను ఎలక్షన్లో గెలిచినవాడిలా తిరిగాను. చివరి రోజు నా కూతురు ఒక్క ముక్క పళ్లెంలో వదిలేసింది. “కడుపు నిండింది నాయనా,” అంటే, పోనీలెమ్మన్నాను.

ఆ ఏడు జూలై ఆఖర్న ఒక్క పదును వాన పడింది. వేరుశనగ విత్తాం. జానెడు లేచి పూత పట్టింది. ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే వేళకు చుక్క లేదు. రోజూ మబ్బు వచ్చేది, మా చేను మీదుగా దర్జాగా పోయేది. ఒక పొద్దు ఎండిన మొక్కను పీకి, ఆకాశాన్ని అమ్మనాబూతులు తిడుతున్నాను. వెనక సద్దిక్యారియరుతో నా కూతురు నిలబడి ఉంది. ఏడుస్తోంది.

“నాయనా, ఆ పొద్దు నేను ఒగ ముక్క ఇడిసిపెట్టినా. అదే తాగేసింటాది.”

తిట్టడానికి ఆకాశం ఉంది, తోడల్లుడు ఉన్నాడు. కానీ ఆ మాట పిల్ల బుర్రలో పెట్టింది వాళ్లు కాదు. ఇంకో కథ అల్లుదామని నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు.

“లేదు తల్లీ. చేపలు మోడాలు తాగవు. నేను అబద్ధం చెప్పినా.”

ఏడుపు ఆపింది. నన్నూ, నా చేతిలోని మొక్కనూ చూసింది.

“అయితే అది కప్పకు సుట్టమేనా? మనం తిన్నందుకేనా వాన రాలేదు?”

మొక్కను గట్టుకేసి కొట్టాను. వేళ్ల మట్టి ఇద్దరి మొహాన పడింది. ఆ పిల్ల బెదిరి, క్యారియరు అక్కడే పెట్టి ఇంటికి పరిగెత్తింది.