సేవ్ కీ ఏ చేతికి

హోసూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీలో స్టోర్సు కుర్చీలోకి ఒకాయన వచ్చినాడు. కల్లావి అనే ఊరి మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అంతకుముందు ప్రెస్ మిషను మీద ఉండె. ఎడమచేతి చివరి రెండు వేళ్లు ఆ మిషను కిందే పోయినాయి. గాయం మానినాక, వచ్చిన సామాను చీటీలు చూసి వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని ఇచ్చినారు.

ఆ కంప్యూటర్లు చూసుకునేది నేను. అన్నీ లినక్స్ మీద నడుస్తాయి. స్టోర్సు ప్రోగ్రాంలో ఒక్కో చీటీ ఎక్కించినాక ఎఫ్2 నొక్కితేనే సేవ్ అవుతుంది. ఆ కీ ఎడమపక్క పైమూలన ఉంటుంది. ఆయన దానికోసం ప్రతిసారీ తడుముకోవడం ఒకరోజు దూరం నుంచి చూసి మనసు కలుక్కుమంది. ఎడమ బొటనవేలికి అందేటట్టు, స్పేస్ బార్ పక్కనుండే ఆల్ట్ కీని ఎఫ్2గా మార్చేసినాను. కీబోర్డు సెట్టింగుల ఫైలులో ఒక్క లైను మార్చడమే పని. ఆయనకు చెప్తే తలూపి, మంచిదప్పా అన్నాడు. నాకు భలే సంతోషమైంది.

సాయంత్రం షిఫ్టులో అదే కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి మర్నాడే నా దగ్గరికొచ్చింది. స్క్రీన్ మీద ఒక విండోలోనుంచి ఇంకోదానికి పోదామని ఆల్ట్ నొక్కితే సగం రాసిన చీటీలన్నీ సేవ్ అయిపోతున్నాయంట. తప్పు నాదే. ఆ మార్పును ఆయన లాగిన్‌కు మాత్రమే పెట్టాల్సింది, మొత్తం సిస్టానికి పెట్టేసినాను.

సరిచేస్తా ఉంటే ఆయనే వచ్చినాడు. తనవల్ల ఆ పాపకు ఇబ్బంది వద్దు, పాతమాదిరే పెట్టేయమన్నాడు. ఇకమీద నువ్వు లాగిన్ అయితేనే మారుతుంది, ఇంకెవరికీ తెలియను కూడా తెలియదు అని చెప్పినాను. అయినా ఆయన కదలలేదు. మెల్లగా అడిగినాడు.

"అదికాదప్పా. బొటనవేలితో అది నొక్కితే, చీటీ దేంతో పట్టుకునేది?"

అప్పుడు పోయి ఆయన పక్కన కూర్చొని చూసినాను. ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్లతో చీటీని కంటికెదురుగా పట్టుకుంటాడు. కుడిచేత్తో అంకెలు కొడతాడు, చూడకుండానే. ఆ చెయ్యి నాకంటే వేగం. సేవ్ చేయడానికే చీటీ కింద పెట్టి, మళ్లీ తీసుకోవాల్సొస్తా ఉంది. నేను లేని వేళ్లను చూసినాను గానీ ఉన్న వేళ్లు ఏం చేస్తున్నాయో చూడలేదు.

"మరి యాడ పెట్టమంటావన్నా?"

అంకెల పక్కన నిలువుగా ఉండే పెద్ద ప్లస్ కీ మీద ఆయన కుడి చిటికెన వేలు పెట్టినాడు. "దీంతో ఈడ పనేం లేదు. ఇచ్చేయ్."

ఆల్ట్‌ను ఆల్ట్‌గా వదిలేసి, ఆయన లాగిన్‌లో ప్లస్‌ను ఎఫ్2 చేసినాను. ఆయన వరసగా నాలుగు చీటీలు ఎక్కించినాడు. అయిదోది తీసుకున్నాడు.

పోయిన ఏడాది ఆయన్ను కృష్ణగిరి గోడౌనుకు మార్చినారు. పోయేముందు ఆ ఫైలు పెన్‌డ్రైవులో వేసివ్వమన్నాడు. ఆయన చదువుకున్నది తమిళం కాబట్టి, ఆడ దాన్ని ఎట్ల పెట్టుకోవాలో కాగితం మీద తమిళంలో రాసిచ్చినాను. వారం తర్వాత ఫోన్ చేసి, ఎవర్నీ అడగకుండా తనే పెట్టుకున్నానని చెప్పినాడు. ఆడ కుర్చీ మాత్రం బాగలేదంట.