పదకొండు సెకన్ల మేక

నాగేంద్రప్రసాద్ ఒమాన్ దేశంలోని సోహార్‌లో ఒక పైపుల కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. పద్నాలుగేళ్ళుగా కంప్యూటర్ మీద ఆయన గీసేది గొట్టాలు, వాటి వంపులు, వాల్వులు. అంతకుముందు జంతువుల్ని గీసేవాడని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆయన చెప్పుకోలేదు.

కాకినాడ మనిషి. విశాఖలో చిత్రకళ చదివి హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో చేరాడు. విదేశాల్లో తీసే బొమ్మల సినిమాల పని అక్కడికి వచ్చేది. ఒక కదలికలో మొదటి బొమ్మా చివరి బొమ్మా అక్కడి పెద్ద ఆర్టిస్టులు గీసి పంపేవారు. ఆ రెంటి మధ్య రావలసిన వందలాది బొమ్మల్ని, కింద దీపం వెలిగే గాజు బల్ల మీద కాగితం పెట్టుకుని, ఇక్కడివాళ్ళు పూరించేవారు. చిన్న పనే. నాగేంద్రప్రసాద్‌కి మాత్రం అదంటే ప్రాణం.

పెళ్ళయిన రెండో ఏడు జయలక్ష్మికి కాకినాడలో మగబిడ్డ పుట్టాడు. మూడో రోజు పొద్దున ఊపిరి అందక పోయాడు. నర్సు వచ్చి మంచం పక్కనున్న ఉయ్యాల తీసుకెళ్ళిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్న జయలక్ష్మి ఆ చప్పుడుకి తల తిప్పింది. ముందు కళ్ళు కదిలాయి. మెడ ఆ వెనక కదిలింది. సగంలో ఆగింది. అక్కడ ఏమీ ఉండదని ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది, అయినా మిగతా సగం కూడా తిప్పి చూసింది. నాగేంద్రప్రసాద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

బిడ్డ పోయిన తొమ్మిదో రోజున నాగేంద్రప్రసాద్ హైదరాబాద్ వెళ్ళి డ్యూటీలో చేరాడు. ఆ వేళ బల్ల మీద ఆయన కోసం ఉన్న పని ఒక కొండమేకది. పిల్ల లోయలో పడిపోయింది, తల్లి ఆ రాతి అంచు దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగి చూడాలి. తెర మీద పదకొండు సెకన్లు. మొదటి బొమ్మ ఉంది, చివరి బొమ్మ ఉంది. మధ్యలో నూట ముప్ఫై బొమ్మలు కావాలి. నాగేంద్రప్రసాద్ ఎవరితోనూ మాట్లాడకుండా వారం రోజులు కూర్చుని గీశాడు. ముందు కళ్ళు, వెనక మెడ, సగంలో ఆగడం. పని చూసిన విదేశీ సూపర్‌వైజర్, దీనిలో ఒక్క గీత కూడా మార్చవద్దని రాసి పంపాడు. సినిమా ప్రపంచమంతా ఆడింది. చివర్లో పేర్లు పడేటప్పుడు స్టూడియో పేరు పడింది, గీసినవాళ్ళవి పడలేదు.

తర్వాత అనూహ్య పుట్టింది. దానికి ఏడాది నిండక ముందే స్టూడియో మూతపడింది. కాగితాల కట్టలన్నీ పాత సామాన్లవాడు ఆటోలో వేసుకుపోయాడని ఎవరో చెప్పారు. నాగేంద్రప్రసాద్ కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే ఆటోకాడ్ నేర్చుకుని ఒమాన్ వచ్చాడు.

అనూహ్య ఆ కొండమేక సినిమా డీవీడీ చూస్తూ పెరిగింది. అన్నం తినాలంటే మేక కావాలి, జ్వరం వస్తే మేక కావాలి. తల్లిమేక అంచు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ జయలక్ష్మి లేచి వంటింట్లోకి వెళ్ళేది. చూసిందే చూసి విసుగొచ్చిందేమో అనుకునేవాడు నాగేంద్రప్రసాద్.

పోయిన ఏడాది అదే సినిమాని బొమ్మలు లేకుండా, నిజం మేకల్లా కనిపించేట్టు, మళ్ళీ తీశారు. సోహార్ మాల్‌లో పోస్టరు చూసిన రోజు నాగేంద్రప్రసాద్ ఇంటికి గబగబా వచ్చాడు.

"శుక్రవారం అందరం వెళ్దాం."

పదిహేనేళ్ళ అనూహ్య ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "మళ్ళీ రీమేకా నాన్నా? ఈ ఏడాదిలో ఇది మూడోది. సీన్ టు సీన్ అదే ఉంటుంది. మా క్లాసులో ఎవ్వరూ వెళ్ళట్లేదు."

"ఇది మన మేక తల్లీ."

"అందుకే వద్దంటున్నా."

ఆఫీసులో అక్బర్‌ని కూడా పిలిచాడు. పక్క సీట్లో కూర్చునే అక్బర్‌ది హైదరాబాద్, ముగ్గురు పిల్లలు. అతను నవ్వేశాడు. "ఏంది ప్రసాద్ భాయ్, మా పోరగాళ్ళే పోము అంటున్నరు. అప్పుడు బొమ్మలుండె, ఇప్పుడు బొచ్చొచ్చింది, గంతే ఫరక్. కథ అదే, పాట అదే. ఎన్నిసార్లు చూస్తం?"

జయలక్ష్మి మాత్రం వెంటనే ఒప్పుకుంది. ఆయనకి ఆశ్చర్యమేసింది.

శుక్రవారం జుమా నమాజు వేళ దాటాక మ్యాట్నీకి వెళ్ళారు. రెండు వందల సీట్ల హాల్లో వీళ్ళతో కలిపి తొమ్మిది మంది. ఏసీ చలికి అనూహ్య చున్నీ కప్పుకుని, ఇంటర్వెల్ కాకముందే ఫోన్ తీసింది. ముందు వరుసలో ఒకాయన గురక పెడుతున్నాడు. తెర మీద మేకలు నిజం మేకల్లాగే ఉన్నాయి. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. మాట్లాడితే మాత్రం మూతులొక్కటే కదులుతున్నాయి, ముఖాల్లో ఏమీ లేదు.

రాతి అంచు వచ్చింది. నాగేంద్రప్రసాద్ కుర్చీలో ముందుకి జరిగాడు. అదే కొండ, అదే వెలుగు, కెమెరా ఉన్నది కూడా అక్కడే. తల్లిమేక వచ్చి తల తిప్పింది. గడ్డి కోసం తిప్పినట్టు తిప్పింది. కళ్ళూ మెడా ఒక్కసారే తిరిగాయి. మధ్యలో ఆగలేదు. రెండు సెకన్లు కూడా పట్టలేదు. వెనక వరుసలో ఎవరో "మే..." అని అరిచారు. తక్కినవాళ్ళు నవ్వారు.

జయలక్ష్మి లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఆయన వెనకాలే వెళ్ళాడు. పాప్‌కార్న్ కౌంటర్ పక్కనున్న బెంచీ మీద కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది జయా? కళ్ళు తిరిగాయా?"

"నన్ను తీసేశారండి," అంది.

ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనే కూర్చున్నాడు.

"నీకు తెలుసా?"

"మొదటిసారి చూసినప్పుడే తెలిసింది. నా మెడ నాకు తెలీదా? నన్ను అడక్కుండా గీసేశారు. సరే, మీకు అలా తీరిందనుకున్నాను. నాకు ఎలా తీరాలో మీరు ఎప్పుడైనా అడిగారా? వాడి మాట ఎత్తితే నేను ఏడుస్తానని మీరు ఎత్తరు. మీరు ఎత్తరని నేనూ ఎత్తలేదు. పిల్లేమో రోజూ అన్నం తింటూ నా ముందే దాన్ని చూసేది. నేను వెళ్ళి వంటింట్లో కుళాయి తిప్పుకుని నిలబడేదాన్ని."

"నేను... విసుగేమో అనుకున్నాను."

"ఆ మేకని అసహ్యించుకున్నానండి. ఈ వేళ మాత్రం దానికోసమే వచ్చాను. ఇంత పెద్ద తెర మీద ఒక్కసారి చూద్దామని వచ్చాను. అదీ లేదు."

నాగేంద్రప్రసాద్ ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, ఊరికే తీసుకుంది. కౌంటర్‌లోని ఫిలిప్పీన్స్ అమ్మాయి వీళ్ళని చూసి, రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చి బెంచీ మీద పెట్టి వెళ్ళింది. ఎవరూ తాగలేదు. కాసేపటికి అనూహ్య సినిమా మధ్యలోనే వచ్చేసింది. "చెప్పానా, బోర్ అని?" అంటూ దగ్గరికి వచ్చి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

సినిమా పై వారానికి హాల్లోంచి పోయింది.

సినిమాకి వెళ్ళొచ్చిన మర్నాడు శనివారం, సెలవు. టిఫిన్ అయ్యాక జయలక్ష్మి తెల్లకాగితం, పెన్సిలు తెచ్చి భర్త ముందు పెట్టింది.

"వాడి ముఖం గీయండి. మన దగ్గర ఒక్క ఫోటో లేదు."

పద్నాలుగేళ్ళ తర్వాత ఆయన పెన్సిలు పట్టుకున్నాడు. తల గుండ్రంగా గీశాడు. నుదురు గీశాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. కళ్ళు మూసుకున్నాడు. ఆస్పత్రి గుమ్మం కనిపించింది, ఆకుపచ్చ తెర కనిపించింది, జయలక్ష్మి కనిపించింది. పిల్లవాడు కనిపించలేదు. ఆ పొద్దున తను పిల్లవాడిని చూడలేదని, భార్యనే చూస్తూ ఉండిపోయాడని అప్పుడు తెలిసింది.

"గుర్తు రావట్లేదు జయా," అన్నాడు.

ఆవిడ కాగితం మీద ముక్కూ నోరూ లేని ఆ గుండ్రాన్ని చూస్తూ నిలబడింది.

తన గదిలోంచి వచ్చిన అనూహ్య అడిగింది: "ఎవరి ముఖం?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి జయలక్ష్మే చెప్పింది. "నీకంటే ముందు ఒకడు పుట్టాడమ్మా. మూడు రోజులున్నాడు."

అనూహ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత మెల్లగా, "పేరేంటి?" అంది.

"పెట్టలేదు. పదకొండో రోజున పెడదామనుకున్నాం."

"ఎలా ఉండేవాడు?"

"తెల్లగా ఉండేవాడు. జుట్టు ఒత్తుగా," అంది జయలక్ష్మి.

"లేదు జయా. చామనఛాయ. జుట్టు అసలు లేదు," అన్నాడు నాగేంద్రప్రసాద్.

"మీరు సరిగ్గా ఎప్పుడు చూశారండి?"

"పుట్టినప్పుడు నా చేతిలోనే పెట్టారు కదా."

"అప్పుడు దీపాలు లేవు. కరెంటు పోయింది."

ఆయన పెన్సిలు కింద పెట్టేశాడు. ఆవిడకి కూడా తను చెప్పిన దానిమీద నమ్మకం సడలినట్టుంది, మళ్ళీ రెట్టించలేదు. అనూహ్య ఒకసారి తల్లినీ ఒకసారి తండ్రినీ చూస్తూ, వాళ్ళలో ఒకరైనా ఖాయంగా చెబుతారేమోనని ఎదురుచూస్తూ కూర్చుంది.