ఇరవై నాలుగు చింతపిక్కలు

ఆ బడిలో నేను చేరింది తొంభైల మధ్యలో. గాజువాక దాటాక ఒక సందులో అద్దె ఇల్లు. ముందు గదిలో ఎల్‌కేజీ, వెనక గదిలో యూకేజీ, వంటగదిలో పెద్ద టీచరుగారు. ఆవిడది కృష్ణా జిల్లా. నాది ఎలమంచిలి దగ్గర పల్లె. చేరిన రోజే, "పిల్లల ముందు మీ ఊరి మాట రానివ్వకండి, వాళ్లకీ అంటుకుంటుంది" అన్నారు. అంటుకోవడానికి అదేమైనా గజ్జా? ఆ మాట అప్పుడు అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను.

ఎల్‌కేజీ నాకిచ్చారు. సగంమందికి బలపం పట్టుకోవడమే రాదు. అందుకని నా సరంజామా నేనే సమకూర్చుకున్నాను. వేలితో రాయడానికి స్టీలు పళ్లెంలో బీచి ఇసుక. తడిమి చూడడానికి, వడ్రంగి దగ్గర మిగిలిన గరుకు కాగితంతో కత్తిరించి అట్టల మీద అంటించిన అక్షరాలు. అన్నిటికన్నా పిల్లలకు ఇష్టమైనవి చింతపిక్కలు. నేల మీద సుద్దతో పెద్ద అక్షరం గీస్తే, ఆ గీత వెంట పిక్క పక్కన పిక్క పేర్చుకుంటూ పోవాలి. చింతపండు గింజ తీసినప్పుడల్లా మా అమ్మ పిక్కలు కడిగి, ఎండబెట్టి పంపేది. పిల్లకో చిన్న గుడ్డ సంచి, సంచికి ఇరవై అయిదు పిక్కలు. ఇచ్చేటప్పుడు లెక్క, తీసుకునేటప్పుడు లెక్క.

పెద్ద టీచరుగారు ఒకసారి లోపలికి వచ్చి, గుమ్మంలో ఒక పిల్లాడి తండ్రి నిలబడి ఉండగానే, "ఏవండీ, ఇది బడనుకున్నారా, చింతపండు కొట్టనుకున్నారా?" అన్నారు. ఆ రోజు ఆవిడ కట్టుకున్నది ఆకుపచ్చ వాయిలు చీర. నాకు బాగా గుర్తు.

వానలు మొదలైన రోజులు. మా తరగతిలో ఒక పిల్ల ఉండేది. తండ్రి పోర్టులో కలాసీ, సొంతూరు పద్మనాభం వైపు. వారం రోజులు తాతగారి ఊరు వెళ్లి, జలుబుతో తిరిగొచ్చింది. నేను అక్షరాలు వరసలో చెప్పను, గుండ్రటివి ముందు చెబుతాను. ఆ రోజు ఠ. అందరూ గుండ్రం పేర్చి, మధ్యలో ఒక పిక్క పెట్టారు. ఈ పిల్ల మధ్యలో ఖాళీగా వదిలేసింది. సంచిలోకి తీసి లెక్కపెడితే ఇరవై నాలుగు.

"ఇంకోటేదమ్మా?" అన్నాను. చాప దులిపాను, గౌను జేబు చూశాను. ముక్కు కారుతోంది, నోటితో ఊపిరి తీస్తోంది. అప్పుడు మా ఊరి మాటే వచ్చింది.

"ముక్కులో ఎట్టీసుకున్నావేటే?"

తలూపింది.

నాలుగేళ్ల పిల్లలు ఏమడిగినా తలూపుతారు. స్టీలు ప్లాంటు గొట్టం మింగేశావా అన్నా ఊపుతారు. అది నాకు తెలుసు. తెలిసీ అలా అడిగాను. ఈ ఒక్క తప్పు నాది, ఒప్పుకుంటాను.

తల్లిని పిలిపించి ఆటోలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన లైటు వేసి చూసి, లోపలంతా జలుబు వాపు, ఏమీ కనబడటం లేదు, వాపు తగ్గాక మళ్లీ తీసుకురండి అన్నాడు. "ఊపిరికి ఇబ్బందయితే ఆగకండి. చింతపిక్క తడికి ఉబ్బుతుంది" అని కూడా అన్నాడు. ఆ ఉబ్బుతుందన్న మాట నన్ను వదల్లేదు.

పెద్ద టీచరుగారు పిక్కల సంచులు, ఇసుక పళ్లెం, అట్టలు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. "పిల్లకేమైనా అయితే మీరిక రానక్కర్లేదు" అన్నారు.

తల్లి రోజూ పొద్దున్నే దింపడానికి వచ్చేది. "రాత్తిరంతా నోరు తెరుసుకునే తొంగుంది టీచరమ్మా. నాను ముక్కుకాడ సెయ్యెట్టుకుని కూకున్నాను" అనేది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిరిగి అనడానికి నాకు వీలుండేది.

అయిదో రోజు ఆ పిల్ల పలక మీద ఉమ్మేసి మోచేత్తో తుడుస్తోంది. పలక తుడవడానికి పిల్లలంతా చిన్న డబ్బాలో తడిగుడ్డ తెచ్చుకునేవారు.

"నీ తడిగుడ్డేదే?"

"అది తియ్యకూడదు టీచర్. మండె కట్టినాను."

మండె కట్టడమంటే విత్తనం వడ్లు నానబెట్టి, గోనెలో మూటకట్టి, బరువెట్టి మొలకెత్తించడం. రైతుల ఇళ్లలో నారు పోసే ముందు చేసే పని. తాతగారి ఊళ్లో వారమంతా ఈ పిల్ల చూసింది అదే!

తలుపు వెనక, గొడుగుల చాటున డబ్బా ఉంది. దాని మీద బరువుకి, అయిదు రోజులుగా నేను వెతుకుతున్న నా డస్టరు. మూత తీశాను. నాలుగు మడతల తడిగుడ్డ, దానికి రిబ్బను ముడి. లోపల పిక్క రెండింతలు ఉబ్బి, పొట్టు చిట్లి, తెల్లగా కనబడుతోంది. డబ్బా తెచ్చి పిల్ల ముందు పెట్టాను.

"మరి ముక్కులో ఎట్టుకున్నానని తలెందుకూపావే?"

"నువ్వే అన్నావు కదా టీచర్."

పిల్లని చంకనేసుకుని, డబ్బా పట్టుకుని, ఎవరినీ అడక్కుండా, రెండు సందులవతల వాళ్ల గదికి పరుగెత్తాను. తల్లి డబ్బాలోకి చూసింది, పిల్ల ముక్కు చూసింది, మళ్లీ డబ్బా చూసింది. వీపు మీద ఒక్కటిచ్చి, పిల్లని గుండెకేసి హత్తుకుంది.

"ఓలమ్మో, మా మావకి సెప్పాల, మనవరాలు సింతపిక్కకి మండె కట్టీసినాదని!" అని నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వారంలో అంత తేలిగ్గా ఊపిరి తీసుకున్నది అప్పుడే.

పెద్ద టీచరుగారికి డబ్బా చూపించాను. బీరువా తెరిచి, "తీసుకెళ్లండి. ఇకనైనా లెక్క జాగ్రత్త" అన్నారు. లెక్క జాగ్రత్తట! లెక్క పెట్టింది ఎవరు? ఇంకొక మాట కోసం వంటగదిలో కాసేపు నిలబడ్డాను. ఆవిడ రిజిస్టరు తెరుచుకున్నారు. రెండువేల సంవత్సరం దాటాక, కొత్తగా చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులకు అవే సంచులు చూపించి "ఇది మా పద్ధతి" అని చెప్పేవారు. అదీ మర్చిపోలేదు.

కానీ ఆ మధ్యాహ్నం ఆవిడ మీద కోపానికి నాలో చోటు లేదు. నేల మీద మళ్లీ ఠ గీశాను. ఉబ్బిన పిక్కని పిల్లకే వదిలేసి, సంచిలో కొత్తది వేసి ఇచ్చాను. గుండ్రం పేర్చింది, తలకట్టు పేర్చింది, ఆఖరి పిక్క మధ్యలో పెట్టి, ముక్కు గట్టిగా ఎగబీల్చింది. అయిదు రోజుల్లో మొదటిసారి ఆ చప్పుడుకి నా గుండె జారలేదు.

లెక్కపెట్టాను. ఇరవై అయిదు.