కాలువ వైపు కిటికీ

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా తమ్ముడి కూతురు ఇంటికొచ్చి, భీమవరంలో తను చేస్తున్న బార్ బొమ్మలు ఫోనులో చూపించింది. ఇంటీరియర్ డిజైన్ చదివిన పిల్ల. గోడంతా ప్లాస్టిక్ ఆకులు, ఇటుకల్లా కనిపించే కాగితం, ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల దీపం, ఎక్కడా కిటికీ మాత్రం లేదు. ఎలా ఉందత్తా అంటే బాగుందమ్మా అన్నాను గానీ, అది వెళ్ళాక కూడా ఆ లేని కిటికీయే మనసులో మెదులుతూ ఉంది.

మా రోజుల్లో ఈ పనికి సరైన పేరు కూడా ఉండేది కాదు. డెకరేషన్ అంటే పెళ్ళిపందిరి కాబోలనుకునేవాళ్ళు. పాలిటెక్నిక్ చదివి ఇంటి నుంచే వెళ్ళొచ్చేలా రాజమండ్రిలో ఒక ఆఫీసులో చేరిన కొత్తల్లో, భీమవరం వైపు ఆసామి ఒకాయన తణుకులో లాడ్జి కట్టి, కింద బార్ గదిని తీర్చిదిద్దే పని మాకిస్తే, మా పెద్దసారు దాన్ని నాకప్పగించారు.

మాది తణుకు దగ్గర పల్లె. నాన్నగారు రోజూ బస్సులో తణుకెళ్ళే బడిపంతులు, లూథరన్ సంఘంలో పెద్ద. అంతకన్నా పెద్ద చిక్కు మా బాబాయి. నాన్నగారికి ఒక్కగానొక్క తమ్ముడు, క్వయర్‌లో అందరికన్నా మంచి గొంతున్న మనిషి, సారా కొట్టు వెనక చీకటి గదిలో కూర్చుని కూర్చుని ముప్పై దాటకుండానే పోయాడు. పగలో రాత్రో తెలియకుండా పడి ఉన్నవాణ్ణి నాన్నగారే వెళ్ళి, భుజం కింద చెయ్యేసి తీసుకొచ్చేవారు. అలాంటి ఇంట్లో నేను బార్ గీస్తానంటే అమ్మ అన్నం మానేసి ఏడ్చింది. నాన్నగారు మాత్రం కొన్నాళ్ళకి, నేను బల్ల మీద కాగితం పరుచుకుని ఉంటే పక్కన నిలబడి చూసి, "కిటికీ పెట్టమ్మా, పొద్దుగూకడం కనిపించాలి," అన్నారు.

ఆసామి ఒప్పుకోలేదు. తాగేవాళ్ళు దాక్కోడానికే వస్తారండి, రోడ్డు మీదివాళ్ళకి కనబడితే ఎవరొస్తారన్నారు. అదీ నిజమే. అందుకని కూర్చున్నవాళ్ళు బయటికి కనబడకుండా, వాళ్ళకి మాత్రం కాలువ గట్టు మీది కొబ్బరి తలలూ ఆపైన ఆకాశమూ కనిపించేంత ఎత్తున, పడమటి గోడ పొడవునా కిటికీ గీసి చూపిస్తే మెత్తబడ్డారు.

తెరవబోయే ముందురోజు చూస్తానని నాన్నగారే బయల్దేరి వచ్చారు. గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించి, లోపలికొచ్చి ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. ఎండ బల్లల మీంచి ఎదురుగోడ ఎక్కి, ఎర్రబడి, ఆరిపోయేదాకా లేవలేదు.

"ఇలాంటి చోట కూర్చునుంటే, ఇంటికెళ్ళే వేళయిందని వాడికి తెలిసేదేమోనమ్మా," అన్నారు.

తిరుగు బస్సులో నా చెయ్యి వదల్లేదు.

కొన్నేళ్ళకి ఏసీలు వచ్చాయి. చల్లదనం పోతోందని ఆ కిటికీని ప్లైవుడ్‌తో మూసేసి పైన అద్దాలు అతికించారని మా పెద్దసారు చెబితే తెలిసింది. నాన్నగారు బాధపడతారని ఇంట్లో ఆ ఊసెత్తలేదు. ఆయనా ఎప్పుడూ అడగలేదు. మర్చిపోయారనే అనుకున్నాను.

ఆయన పోయాక, జ్ఞాపకార్థ కూటానికొచ్చిన చుట్టాలంతా వెళ్ళాక అమ్మ చెప్పింది. బడికెళ్ళే బస్సులోంచి రోజూ ఆ గోడ చూసుకునేవారట. మూసేశారని తెలిసిన రోజున బస్సు దిగి, సంఘ పెద్ద అయ్యుండీ నలుగురూ చూస్తుండగా ఆ బార్‌లోకి వెళ్ళి, మా అమ్మాయి పెట్టిన కిటికీ అండి, ఉండనివ్వండి అని ఆసామిని బతిమాలారట. ఆయన మర్యాదగానే కుర్చీ వేయించి, కుదరదు మాస్టారూ అన్నారట. ఇంటికొచ్చి, అమ్మాయికి చెప్పకు, మనసు కష్టపెట్టుకుంటుంది అన్నారట. ఒకే కప్పు కింద అన్నేళ్ళు, ఒకరి దగ్గర ఒకరం అదే సంగతి దాచుకున్నాం.

ఇప్పుడు మేనకోడలు బార్ గీస్తే ఇంట్లో ఎవరూ ఏడవరు. మా తమ్ముడు ఆ బొమ్మలు స్టేటస్‌లో పెట్టుకుని మురిసిపోతున్నాడు, సంఘంలో వాళ్ళూ బాగుందంటున్నారు. నేను పడ్డ అవస్థ ఆ పిల్లకి లేనందుకు సంతోషమే. కానీ అక్కడ కూర్చోబోయేది ఎవరు, ఏ వేళకి లేచి వెళతాడు, వాడి కోసం ఇంట్లో ఎవరు ఎదురుచూస్తుంటారు అని దాన్ని అడిగేవాళ్ళు కూడా లేకుండా పోయారు. నేనైనా అడుగుదామనుకుంటాను. నాన్నగారిలా నొప్పించకుండా అడగడం నాకు చేతకాదు.