పెడల్ కాలు

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరక్క అంటారు. చొక్కా కాలర్లు కుట్టే మిషన్ మీదే ఆమె జుట్టు నెరిసింది. ఆమె కుట్టిన కాలర్లు ఎందరి మెడల మీదో దర్జాగా నిలబడ్డాయి గాని, ఆమె మాత్రం పొద్దున కూర్చున్నది మొదలు తల దించుకునే ఉంటుంది. కుడిపాదం పెడల్ మీద. కదిలితే ఆ పాదం కదలాలి, లేదా చేతులు కదలాలి. తక్కిన ఒళ్లంతా కుర్చీతో పాటు కొయ్యే.

ఆ లైన్లో ఆడవాళ్లు మంచినీళ్లు తాగరు. తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్లాలంటే పాస్ అడగాలి, అడిగితే "మళ్లీనా?" అనిపించుకోవాలి. సాయంత్రానికి అందరి కాళ్లూ ఉబ్బుతాయి. దానికి వాళ్లు కనిపెట్టుకున్న వైద్యం ఒకటుంది. నడుము పట్టీలకు వాడగా మిగిలిన ఎలాస్టిక్ ముక్కలు కలిపి కుట్టి, మడమ నుంచి మోకాలి దాకా బిగించి చుట్టుకుంటారు. కొత్తగా చేరిన పిల్లకు మిషన్ కన్నా ముందు ఈ కట్టు నేర్పుతారు. వాపు కూడా జీతంలాగే ఉద్యోగంతో పాటు వచ్చేదని వాళ్ల లెక్క. అలా లెక్కేసుకునేలా చేసినవాళ్లు మాత్రం ఎవరికీ ఏ లెక్కా చెప్పనక్కర్లేదు.

అందుకే కుడికాలు ఒక్కటే ఉబ్బినప్పుడు కాలరక్క అదిరిపడలేదు. పెడల్ కాలు కదా అనుకుంది. రాత్రి అత్తగారు నూనె రాసి పిక్క పిసికింది. పిసికేకొద్దీ నొప్పి ఎముకలోకి దిగింది.

"కూర్చుని తినే రాత ఉంటే నీకీ నొప్పులెందుకే," అంది అత్తగారు జాలిగా.

"కూర్చునే కదత్తయ్యా తింటున్నాను," అంది కోడలు.

మర్నాడు కట్టు మరింత బిగించి పనికి వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి లేవబోతే నొప్పి కాలు నేల మీద మోపనివ్వలేదు. పక్క మిషన్ అమ్మాయి పట్టుకోకపోతే పడిపోయేదే. మాట గుచ్చుకుంటుందని ఆ అమ్మాయికి గుండుసూది అని పేరు. అక్క వద్దంటున్నా వినకుండా ఫ్యాక్టరీ డిస్పెన్సరీకి నడిపించుకుపోయింది.

వెనకాలే సూపర్‌వైజర్ వచ్చింది. పనివేళలో ఎవరు డాక్టర్ దగ్గరికి వెళ్లినా సూపర్‌వైజర్ లోపల నిలబడాలని కంపెనీ పద్ధతి. దొంగ జబ్బులు పట్టుకోవడానికట.

డాక్టరమ్మ కట్టు విప్పించింది. రెండు పిక్కలకూ ఒకే చోట టేపు చుట్టి కొలిచింది. తేడా ఉంది గాని పెద్దగా లేదు. వేలితో అదిమితే గుంట పడి అలాగే నిలిచింది. పిక్క వెనక లోతుగా నొక్కినప్పుడు కాలరక్క పళ్లు బిగబట్టింది.

"ఒక్క కాలే ఇలా ఉంటే లోపలి నరంలో రక్తం గడ్డ కట్టిందేమో చూడాలమ్మా. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. కొన్ని ప్రశ్నలడుగుతాను. అవును అన్నదానికల్లా ఒక మార్కు. మార్కులు పెరిగితే ఇవాళే స్కాన్‌కి పంపాలి."

ఇంతకుముందెప్పుడైనా ఇలా గడ్డ కట్టిందా అని అడిగింది. లేదు. క్యాన్సర్‌కు మందులేమైనా వాడుతున్నావా? లేదు. ఈమధ్య మంచం పట్టావా, పెద్ద ఆపరేషన్ ఏదైనా అయిందా?

కాలరక్క కళ్లు సూపర్‌వైజర్ చెప్పుల మీద వాలాయి.

అయింది. కిందటి నెలలోనే గర్భసంచి తీసేశారు. అన్నకు బాగాలేదని సెలవు పెట్టి, కుట్లు ఆరీ ఆరకముందే మిషన్ ఎక్కింది. కోత పడిన ఆడదాన్ని ఇక్కడ దారాలు కత్తిరించే బల్లకు మారుస్తారు. ఆ బల్ల మీద సగం జీతం. వెల్డింగ్ పనిలో చూపు చెడి మొగుడు ఇంట్లో ఉన్నాడు. ఇల్లంతా ఆ పెడల్ మీదే నడుస్తోంది.

"లేదండి," అంది.

డాక్టరమ్మ కూడుకుంది. నొప్పికి ఒకటి, గుంటకు ఒకటి. కానీ రోజంతా పెడల్ తొక్కే కాలు, కండరం పట్టేసి ఉండొచ్చు. వాపుకు అలాంటి కారణం కనబడితే రెండు మార్కులు తీసేయాలి. మిగిలింది సున్నా. గడ్డ ఉండే అవకాశం తక్కువేనని, ఎందుకైనా మంచిది రేపు రక్తపరీక్ష చేయించుకోమని చెప్పింది. ఈలోగా పనిలో కూర్చోవచ్చు కదా అని సూపర్‌వైజర్ అడిగింది.

కాలరక్క ఎలాస్టిక్ తీసుకుని మళ్లీ చుట్టుకోబోయింది.

గుమ్మంలో గుండుసూది నిలబడి ఉంది. ఆపరేషన్ నాడు ఆసుపత్రిలో మంచం పక్కన పడుకున్నది ఆమే. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేసింది. అందుకని చెప్పలేదు.

"అక్కా, కాలర్ వంకర పోతే విప్పి మళ్లీ కుడతావు," అంది మెల్లగా. "ఊపిరి ఆగితే ఏం విప్పి కుడతావే?"

డాక్టరమ్మ తలెత్తింది. ఆమె చూపు ముందు గుండుసూది మీద, తర్వాత ఎలాస్టిక్ మీద పడింది. ఆ కట్టు ఎప్పటి నుంచి ఉందని అడిగింది. పొద్దున బిగించింది మొదలు విప్పలేదని కాలరక్క చెప్పింది. అంటే ఇందాక టేపు కొలిచింది వాపును కాదు, బిగింపును. డాక్టరమ్మ సూపర్‌వైజర్‌ను కాసేపు బయట ఉండమంది. రూల్ ఒప్పుకోదని ఆవిడ కదల్లేదు.

కాలరక్క ఎలాస్టిక్‌ను ఒళ్లో పెట్టుకుని దాని అంచు సరిచేస్తూ కూర్చుంది.

"ఉండనివ్వండి డాక్టరమ్మా. ఎలాగూ తెలిసేదే," అంది చివరికి. "కిందటి నెల గర్భసంచి తీసేశారు."

ఆ తర్వాత కట్టు లేకుండా ఆమెను బల్ల మీద పడుకోబెట్టారు. చూస్తుండగానే కుడిపిక్క ఉబ్బుతూ వచ్చింది. మళ్లీ టేపు చుడితే తేడా బాగా పెరిగింది. దానికొక మార్కు, ఆపరేషన్‌కొక మార్కు. ఇక కండరం పట్టేసిందన్న మాట నిలవదు, తీసేసిన రెండూ తిరిగొచ్చాయి. మొత్తం నాలుగు. కాలు ఎవరూ పిసకొద్దని, నడిపించొద్దని చెప్పి డాక్టరమ్మ తనే పెద్దాసుపత్రికి వాహనం పిలిపించింది.

దారి పొడుగునా కాలరక్క తన ఊపిరిని తనే వింటూ కూర్చుంది. కొంచెం గట్టిగా పీల్చినా గడ్డ కదులుతుందేమోనని భయం. స్కాన్ గదిలో తొడ మీద పరికరంతో అదిమితే మామూలుగా చప్పబడాల్సిన నరం చప్పబడలేదు. గడ్డ మోకాలు దాటి పైకి పాకింది. ఆ సాయంత్రమే పొట్ట మీద ఇంజెక్షన్ మొదలుపెట్టారు.

బతికింది. తిరిగి పనిలోకి వచ్చేసరికి ఆమె మిషన్ మీద ఇంకెవరో ఉన్నారు. భయపడ్డట్టే దారాల బల్ల, భయపడ్డట్టే సగం జీతం. నిజం చెప్పినందుకు ప్రాణం దక్కింది, చెప్పినందుకే బువ్వ తగ్గింది. ఈ రెండిట్లో ఒకటి తేల్చుకో అని ఒక మనిషిని అడిగే హక్కు ఏ కంపెనీకి ఎవరిచ్చారు?

గంటకోసారి లేచి నడవమని, నీళ్లు తాగమని పెద్దాసుపత్రిలో గట్టిగా చెప్పారు. మొదటిరోజే ఆమె కత్తెర కింద పెట్టి, సీసా ఎత్తి కడుపు నిండా నీళ్లు తాగి లేచింది. మిషన్ల వరస మధ్య నుంచి నడిచింది. కుట్టేవాళ్ల చేతులు ఒక్కొక్కటే ఆగాయి.

"ఎక్కడికి?" అంది సూపర్‌వైజర్.

"ఎక్కడికీ కాదు మేడమ్. నడుస్తున్నాను."